పడవాయన చెప్పిన అభ్యంతరం

పులికాట్ సరస్సు ఒడ్డున నాకు తెలిసిన పడవాయన ఒకడున్నాడు. గూడబాతులు గూళ్లు కట్టే కాలమని ఆ ఊళ్లో దీపావళికి టపాకాయలు కాల్చరు. అప్పుడు ఎవరు గొంతు పెంచినా ఆయన పెదవుల మీద వేలు పెట్టి, "మెల్లగప్పా, చెట్ల మీద బాలింతలుండారు" అనేవాడు.

సరస్సు పక్కనున్న చిన్న విమానాశ్రయాన్ని జెట్ విమానాల కోసం పెంచుతామని సభ పెట్టినప్పుడు, ఊరివాళ్ల అభ్యంతరాలు రాసుకున్న గుమాస్తాను నేనే. తన వంతు రాగానే పడవాయన మైకు ముందుకొచ్చి, పెదవుల మీద వేలు పెట్టి నిలబడ్డాడు. సభంతా ఊరుకుంది. సరస్సు మీంచి పక్షుల అరుపులు వినిపించాయి. ఆయన నమస్కారం పెట్టి కూర్చున్నాడు. నోటితో ఏమీ అనలేదు కదా అని ఆయన పేరు పక్కన 'అభ్యంతరం లేదు' అని రాశాను.

బయట కలిసి, "రాసుకున్నారా సారూ? జెట్లొస్తే ఆ పక్షులు ఈడ నిలవవు" అన్నాడు. రాశానన్నాను.

ఇప్పుడు రన్‌వేకి హద్దురాళ్లు పాతారు. మొన్న పడవ దగ్గరికి వెళ్లి నా తప్పు చెప్పుకుంటుంటే, ఏడుపొచ్చి గొంతు పెరిగింది. ఆయన వేలు పెదవుల మీదికి వెళ్లింది. "మెల్లగప్పా" అన్నాడు, చెట్ల వైపు చూస్తూ.

అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఆ సభలో ఆయన వద్దన్నాడు. నేను విన్నాను.