మా ఆయన సీటుకి నేను కాపలా

నవ్వకండి మే, నవ్వితే చెప్పను. మొన్న రైల్లో మా ఆయన సీటు కాపాడినా. ఎంత గట్టిగా కాపాడినానంటే, ఆఖరికి మా ఆయన కూడా అందులో కూర్చోలేకపోయినాడు!

అదిగో, నవ్వద్దంటినా? ముందు ఆ టీ తాగండి, చల్లారిపోతాది.

పోయినేడు బాత్రూంలో జారిపడి నా కాలు విరిగింది కదా. పుత్తూరుకి పోయి ఎముకల కట్టు కట్టించుకోనొచ్చి మూడు నెలలు మంచం దిగల్యా. ఆ టైంలో మా ఆయన, నాతో ఒక్కమాట కూడా అనకుండా, స్వామికి మొక్కుకున్నాడంట. "దీని కాలు బాగై మళ్ళీ నడిస్తే, నేను నడిచి కొండెక్కి గుండు కొట్టించుకుంటా" అని.

గుండే కదా, అదేం పెద్ద మొక్కు అనొద్దండి. ఆయన జుట్టు పిచ్చి మీకు తెలిసిందే. పొద్దస్తమానం బెల్లం మండీలో ఈగల మధ్య కూర్చునే మనిషి, జేబులో దువ్వెన లేకుండా వాకిలి దాటడు. ఇంక ఆ మీసం! పెండ్లిచూపుల్లో నేను ముందు చూసింది మీసాన్నే, మనిషిని తర్వాత చూసినా. పాతికేండ్లలో దాన్ని ఒక్కరోజు తీసిన పాపాన పోలేదు. అట్లాంటోడు నా కాలు కోసం రెండూ ఇచ్చేస్తానని మొక్కినాడు.

సరే, మొక్కు తీర్చాల. నేను మెట్లెక్కలేను, తిరుపతిలో మా చెల్లెలింట్లో ఉండిపోయినా. ఆయనొక్కడే ముందురోజు అలిపిరి నుంచి నడిచి పోయినాడు. ఆడ మొక్కు, దర్శనం అయినాక మళ్ళీ నడిచే దిగి, నేరుగా స్టేషన్‌కి వచ్చేస్తానన్నాడు. బస్సు కుదుపులకి నా కాలు పడదని, చిత్తూరుకి మధ్యాన్నం బండిలో రెండు సీట్లు రిజర్వేషన్ చేయించి పెట్టినాడు. గుడి లోపలికి ఫోను తీసుకుపోనీరు, దాన్ని అప్పజెప్పేదానికి మళ్ళీ ఇంకో లైను నిలబడేది ఎవరని, ఫోను నా చేతికే ఇచ్చేసినాడు. టికెట్టు అందులోనే ఉండాది.

పోతా పోతా ఒకటే మాట చెప్పినాడు. "మే, ఎక్కి దిగి వచ్చేసరికి నా మోకాళ్ళు నా మాట వినవు. పెట్టె నంబరు నాకు తెలుసు, నేనొచ్చేస్తా. సీటు మాత్రం పోగొట్టొద్దు."

"నువ్వు రాయ్యా, సీటు సంగతి నాకొదిలేయ్" అన్నా. నేనేమన్నా తక్కువ తిన్నానా!

బండి ఎక్కినానో లేదో, ఏం జనం, ఏం జనం! రిజర్వేషన్ పెట్టె అని బయట రాసుంటే సరిపోతాదా? దాన్ని చదివేదెవరు? కొండ దిగినోళ్ళందరూ మా పెట్టెలోనే ఎక్కినట్టుండారు. యాడ చూసినా గుండ్లు, గుండ్ల మీద గంధం. మా సీట్లలో అప్పటికే ఒక సంసారం, వాళ్ళ సంచులు, వాళ్ళ పులిహోర. ఫోను తీసి చూపించి, గొంతు లేపి, వాళ్ళని లేపినా. నేను కిటికీ పక్కన కూర్చున్నా. నా పక్క సీటు ఆయనది, దాని పక్కన కాట్పాడికి పోయే ఒక అవ్వ. మనిషి నల్లగా, గట్టిగా, నోరు ఇంకా గట్టిగా ఉండాది. నా వైపే చేరింది.

ఇంక ఆ ఖాళీ సీటు కోసం యుద్ధం! ముందు టవలు పరిచినా. ఒకాయన టవలు మీదే కూర్చోబోయినాడు. నీళ్ళ బాటిలు పెట్టినా. ఇంకొకామె బాటిలు తీసి నా చేతికిచ్చి, "కాస్త సర్దుకోక్కా" అనింది. సంచి పెడదామంటే, అందులో మా చెల్లెలిచ్చిన గాజు జాడీ నిండా మాగాయి. అప్పుడు తట్టింది నాకు బ్రహ్మాండమైన ఐడియా. నా కళ్ళద్దాలు తీసి టవలు మధ్యలో పెట్టేసినా. ఎంత మొండోడైనా అద్దాల మీద కూర్చుంటాడా? కూర్చోడు!

ఒక్కరు రాలేదు మళ్ళీ. "నల్ల మూళ మా నీకు" అని అవ్వ అరవం కలిపి మెచ్చుకునింది, నీకు మంచి బుర్రమ్మా అని. నేను పొంగిపోయినా. అద్దాలు తీస్తే నాకు చెయ్యి చాపినంత దూరం దాటి అంతా పొగమంచే అనే సంగతి, అప్పుడు మతిలో ఉంటే కదా!

బండి కదిలే ముందర సీట్ల మధ్య దోవలోంచి ఎవడో తోసుకుంటా వచ్చినాడు. పసుప్పచ్చ టీ షర్టు, నున్నటి గుండు, దాని మీద ఇంత గంధం. జనంలో ఇరుక్కోని, మా సీటు వైపు చెయ్యి చూపిస్తాండాడు. నోరు ఆడిస్తాండే మాదిరుండాది గానీ మాట రాలేదు, ఉత్త గాలే.

"సీటు లేదయ్యా, మా ఆయన వస్తాండాడు" అన్నా.

వాడు తన రొమ్ము మీద తట్టుకుంటాండాడు, నేను నేను అన్నట్టు. అయ్యో, గుండె నొప్పేమో అనుకోవాల్సిన దాన్ని. అనుకోలేదే! "నీకెంత కష్టమున్నా సరే, ఈ సీటు మా ఆయనది. మా ఆయన్ని చూసినావంటే దడుసుకుంటావ్. ఆయనొచ్చినాడంటే ఆ గుండు మీద మళ్ళీ ఎంట్రుక మొలవదు, చెప్తాండా!"

అవ్వ కూడా అందుకునింది. "పోవయ్యా, అంత చెప్తాంటే!"

పెట్టెంతా ఒకటే నవ్వు. వాడు తల గోక్కున్నాడు. బండి కదిలింది.

మా ఆయన ఇంకా రాలేదే! ఫోను లేని మనిషి, యాడుండాడో ఏమో. అవ్వే ధైర్యం చెప్పింది, వేరే పెట్టెలో ఎక్కినుంటాడు, జనం దిగినాక పాకాలలో ఈడికొస్తాడులే అని. సరే, పాకాల దాకా సీటు కాపాడితే చాలని గట్టిగా కూర్చున్నా.

అంతలో మనుషుల తలల మీదుగా, చేతులు మారి మారి, ఒక లడ్డు నా దగ్గరికొచ్చింది. ఎవరిచ్చినారంటే, ఆ టీ షర్టోడే! "చూసినావా అవ్వా, సీటు కోసం లంచం!" అన్నా. అయినా స్వామి ప్రసాదం కాదనకూడదు కదా. కళ్ళకద్దుకోని, ఇంత తుంచి నోట్లో ఏసుకోని, అవ్వకింత పెట్టి, మిగిలింది వాడికే తిప్పి పంపించేసినా. సీటు మాత్రం ఇయ్యలేదు.

చంద్రగిరి దాటినాక అవ్వ అడిగింది. "అంత మంచోడామ్మా మీ ఆయన? ఒక సీటు కోసం ఇంత కొట్లాడతాండావే."

ఏమైందో నాకు, నోరు తెరిస్తే ఆగల్యా. "అవ్వా, కాలు విరిగినప్పుడు నన్ను పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకున్నాడు. మండీ నుంచి మధ్యాన్నం ఉరుకులు పరుగుల మీద వచ్చి ఇంత వండి పెట్టి పోయేటోడు. ఉప్పు ఉంటే కారం ఉండదు, కారం ఉంటే ఉప్పు ఉండదు. నేనేమో మంచంలో పడుకోని, ఇది కూడా కూడేనా అని తిట్టేదాన్ని. తిట్టించుకోని, గిన్నెలు తోముకోని పోయేటోడు. ఒక్కరోజు ముఖం చిట్లించలేదు. ఇప్పుడు చూడు, ప్రాణంగా పెంచుకున్న మీసం నా కాలు కోసం ఇచ్చేసొస్తాండాడు. ఆ మీసం పోతే ఏం, బంగారంలాంటి మనిషి అవ్వా" అన్నా. కండ్లలో నీళ్ళు కూడా తిరిగినాయి.

"ఈ మాట ఆయనతో చెప్పినావా?" అనింది అవ్వ.

"అమ్మో, చెప్తే నెత్తికెక్కి కూర్చుంటాడు!" అన్నా.

అప్పుడొచ్చినాడు టీసీ. ముందు ఆ టీ షర్టోడినే పట్టుకున్నాడు. వాడు నా వైపు వేలు చూపించినాడు. టీసీ నా దగ్గరికొచ్చి, "ఏమ్మా, ఈయన టికెట్టు మీ కాడుందంట కదా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "సార్, ఈ మనిషి తిరుపతి నుంచి ఇదే నాటకం! ముందు సీటు కావాలన్నాడు. తర్వాత లడ్డు పంపించినాడు. ఇప్పుడు ఏకంగా టికెట్టే కావాలంట! బాగా ఫైన్ వెయ్యండి సార్, బుద్ధి వస్తాది!"

"వేస్తాలేమ్మా. ముందు మీ టికెట్టు చూపించండి. ఈ రెండో సీటాయన యాడ?"

"మా ఆయన సార్. కొండ దిగి నేరుగా వచ్చినాడు, వేరే పెట్టెలో ఉండాడు."

"ఎట్లుంటాడు? వచ్చే దోవలో చూసినానేమో."

"నీలం చొక్కా సార్. నల్లగా ఒత్తు జుట్టు, ఇంత మీసం..."

టీసీ నన్ను ఒకసారి ఎగాదిగా చూసినాడు. "కొండకి ఎందుకు పోయినాడమ్మా? గాలి మార్పుకా?"

"లేదు సార్, గుండు..." అన్నా.

అంతే. గుండు కొట్టించుకునేదానికే పోయినాడని ఊరందరికీ నేనే చెప్తి. అయినా నా కండ్లు మాత్రం ఆ జుట్టు కోసం, ఆ మీసం కోసమే ఎతుకుతాండాయి!

టవలు మీది అద్దాలు తీసి పెట్టుకున్నా. పసుప్పచ్చ టీ షర్టు. నున్నటి గుండు. ఉత్త పెదిమలు. ఆ పెదిమల మధ్య నవ్వుతా, పాతికేండ్లుగా నేను చూస్తాండే ఆ పన్ను మీద పన్ను.

మా ఆయనే!

"అయ్యో అయ్యో అయ్యో!" అని లేచి నిలబడినా. నీ నీలం చొక్కా ఏదయ్యా అంటే, స్నానం కాడ నీళ్ళలో పడిపోయిందంట, కొండ మీద అంగట్లో ఇదొక్కటే దొరికిందంట. నీ గొంతుకేమైందయ్యా అంటే, మెట్టు మెట్టుకీ గోవిందా గోవిందా అని అరిచి అరిచి పూర్తిగా పోయిందంట. ఇదంతా గుసగుసగా చెప్తాండాడు. టీసీ నవ్వాపుకోలేక, "ఫైన్ వెయ్యమంటారా అమ్మా?" అని అడిగి మరీ పోయినాడు. అవ్వేమో కొంగు నోట్లో కుక్కుకోని నవ్వి నవ్వి వంగిపోయింది.

ఆయన్ని కూర్చోబెట్టి మోకాళ్ళు పట్టినా. ఏడుపొచ్చేసింది నాకు. "ఇంతసేపు నిలబడినావే నాయనా! గొంతు లేకపోతే మనుషుల్ని తోసుకోనన్నా రాకూడదా? నా చెయ్యి పట్టుకోని లాగకూడదా?"

ఆయన నా చెవి కాడికి వంగి, ఆ పోయిన గొంతుతోనే చెప్పినాడు. "రావాలనే అనుకున్యా మే. రెండుసార్లు వచ్చేదానికి చూసినా. చంద్రగిరిలో దోవ కూడా ఖాళీ అయింది, బండి కదిలినాక వచ్చేస్తామని అడుగేసినా. అప్పుడే నువ్వు అవ్వతో నా గురించి మొదలుపెడితివి. పాతికేండ్లలో నా గురించి నీ నోట మంచిమాట వినింది అదే మొదలు. మధ్యలో వచ్చి యాడ ఆపేది? కాళ్ళు పోతే పోనీ, పాకాల దాకా విందామనుకున్యా."

ముఖం తిప్పుకోని కిటికీలోనించి బయటికి చూసినా. చిత్తూరు వచ్చే దాకా అటే చూసినా.

అయిపోయిందనుకుంటాండారా? అసలు తంటా ఇప్పుడే. గొంతు వచ్చేసింది, తల మీద నూగు నూగుగా మొలుస్తా ఉండాది. రోజూ మండీ నుంచి వచ్చినాక లోపలికి రాడు. చెప్పులిప్పి, వాకిట్లోనే నిలబడుకోని, "మే, నేనింకా రాలేదనుకో. మీ ఆయన ఎట్లాంటోడో ఒకసారి చెప్పు" అంటాడు.

నేనేం చేస్తాండానంటారా? అద్దాలు తుడిచి పెట్టుకోని, మనిషి ఆయనే అని బాగా గుర్తుపట్టుకోని, అప్పుడు తిడతాండా.