నాయనమ్మకు పడని మీసం

మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా ఆమదాలవలసలో మా బాప్టిస్టు గుడిలో ఆడవాళ్ల వైపు పాట ఎత్తుకునేది ఆవిడే. సంఘపెద్ద ముందు నిలబడి ఒక్కో చరణం చదివి చెబుతాడు, తర్వాత జనం పాడతారు. చదువు రానివాళ్ల కోసం పెట్టిన పద్ధతి అది. ఆయనకెదురుగా మొదటి వరసలో కూర్చునేది నాయనమ్మ.

ఒక ఏడాది ఆవిడ తడబడటం మొదలుపెట్టింది. అందరూ ఒక చరణం పాడుతుంటే ఆవిడ ఇంకోటి. ఇంట్లో వెనకనుంచి పిలిస్తే ఆవిడ ఎప్పుడూ పలకదు, అది పొగరని మేం ఏనాడో తేల్చేశాం. ఇప్పుడు ఎదురుగా పిలిచినా అంతే. మా నాన్న గుబురు మీసం మీద మాత్రం పోరు తగ్గలేదు. తీసెయ్యరా అని ఏళ్ల తరబడి ఒకటే గోల. ఆయన వింటేనా!

ఒక ఆదివారం పక్కావిడ మోచేత్తో పొడిచి పాట ఆపించింది. "నా సెవులు పోనాయి. ఇంక నన్ను గుడికి రమ్మనకండి" అంది నాయనమ్మ ఇంటికొచ్చి. నాకు ఏడుపొచ్చింది.

శ్రీకాకుళం తీసుకెళ్లాను. చెవుల డాక్టరు పరీక్ష చేసి, ఇవి ఇప్పుడు పోయినవి కావు, పదేళ్ల పైమాటే, ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చిందని నన్నే అడిగాడు. ముందు కళ్లు చూపించమన్నాడు. చెవుల కోసం వస్తే కళ్లంటాడేమిటని గొణుక్కుంటూనే వెళ్లాను. రెండు కళ్లలోనూ శుక్లాలు.

రెండో కంటి ఆపరేషన్ కూడా అయి, నల్లద్దాలు తీసేశాక, ఎదురుగా నిలబడి టీ తాగుతావా అన్నాను. పంచదార తగ్గించమంది. నాకు అనుమానమొచ్చి, ఈసారి గొంతు పెగల్చకుండా పెదాలే కదిపి మళ్లీ అడిగాను.

"సెప్పాను కదే" అంది.

ఇన్నేళ్లూ మా అందరి మొహాలూ చదువుతూ బతికిందా మనిషి! అక్షరం రాదన్నాను కదా, డిగ్రీ చదివిన నాకు ఆ చదువులో ఓనమాలు కూడా రావు. మరి నాన్న మీసంతో పేచీ ఏమిటని అడిగాను.

"మీసం మీద నాకేటి కోపమే? ఆడి మాట నాకు కనబడదు."

నాన్న అక్కడే ఉన్నాడు. ఆదివారం పొద్దున్న మీసం గీసేసుకుని వచ్చి తల్లి ముందు కూర్చున్నాడు. ఆవిడ ఆ మొహాన్ని చాలాసేపు చూసింది.

"గుడికెల్దాం రాయే అమ్మా" అన్నాడు, నాకే సరిగా వినబడనంత మెల్లగా.

నాయనమ్మ లేచి చెప్పులేసుకుంది.