ఖాళీ గడిని ఒప్పుకోని సుగుణక్క

మొన్న రక్తపరీక్షకు వెళ్తే నర్సు నా మోచేతి దగ్గర స్పిరిట్ దూదితో తుడిచింది. చల్లదనం కంటే ముందు వాసన తగిలింది. అంతే, సుగుణక్క కళ్లముందు నిలబడింది. మాస్కు గడ్డం కిందికి జారిపోయి, చేతిలో దూది పట్టుకుని, మా స్టేషన్‌లో ఉన్న ఒకే ఒక్క మైకును పసిపిల్ల ముఖం తుడిచినట్టు తుడుస్తూ కనిపించింది. సూది ఎప్పుడు గుచ్చారో కూడా నాకు తెలియలేదు.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. సూరత్‌లో, పాండేసరా మిల్లుల మధ్య, ఒక స్కూలు పై అంతస్తులో నడిచిన చిన్న రేడియో స్టేషన్ మాది. నాలుగు పేటలు దాటితే గరగర తప్ప ఏమీ వినిపించేది కాదు. హిందీ, గుజరాతీ, ఒడియా కార్యక్రమాల నడుమ మా తెలుగుకు రోజూ ఉదయం పదింటికి అరగంట ఇచ్చారు. తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే కుటుంబాల కోసం ఆ అరగంట. మా అమ్మానాన్నలూ ఆ పని వాళ్లే. నేను పక్కనే ఉన్న వడోద్‌లో సాంచెల చప్పుడు మధ్యే పెరిగి, డిగ్రీ అయ్యాక ఆ స్టేషన్‌లో మైకు ముందు కూర్చున్నాను. తెలుగు విభాగానికి పెద్ద సుగుణక్క. అంతకుముందు ఆమె మన వైపు ఒక రేడియో కేంద్రంలో, రికార్డులు భద్రపరిచే గదిలో ముప్పై ఏళ్లు పనిచేసింది. భర్త ఉద్యోగం కోసం సూరత్ వచ్చి ఇక్కడే ఉండిపోయింది. అరవై దాటిన మనిషి, అయినా ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవారు.

ఏ పాట వేసినా ఆమె ముందు ఒక షీటు ఉండాలి. పాట పేరు, పాడినవాళ్లు, రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు, ఎన్ని నిమిషాలు వేశాం, అన్నిటికీ గడులు. పాట మోగిన ప్రతిసారీ దాన్ని పుట్టించినవాళ్లకు కొంత వాటా చెందాలనీ, ఆ వాటా ఎవరింటికి వెళ్లాలో చెప్పేది ఈ కాగితమేననీ మొదటి రోజే చెప్పింది. నాకు అదంతా గుమాస్తా పనిలా తోచింది. ఒకసారి పాత సినిమా పాటకు రాసినవాళ్ల గడి ఖాళీగా వదిలేశాను. అక్క తనే హైదరాబాదుకు, విజయవాడకు, చివరికి తన పాత ఆఫీసులో ఎప్పుడో రిటైరైన ఒక పెద్దాయనకు ఫోన్లు చేసి, పేరు కనుక్కుని, నీలం సిరాతో ఆ గడి నింపి నా ముందు పెట్టింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ సిగ్గు వారం రోజులకు మించి నిలవలేదు, అది వేరే సంగతి.

లాక్‌డౌన్ వచ్చింది. సాంచెలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు పోయేసరికి మా పేటంతా ఎవరిదో ఊరిలా అనిపించింది. కరోనా జాగ్రత్తలు చెప్పాలి కాబట్టి మా స్టేషన్‌ను నడవనిచ్చారు. అయితే సినిమా పాటల లైసెన్సు గడువు అప్పుడే ముగిసింది. ప్రకటనలు లేవు, కొత్తగా తీసుకునే స్తోమత లేదు. ఎవరు అడగొచ్చారులే, వేసేద్దామన్నాను. అక్క తల అడ్డంగా ఊపింది. మైకు దగ్గరికి వెళ్లి, మీకు వచ్చిన పాటలు మీరే పాడి ఫోన్లో పంపండి, మేము వేస్తామని చెప్పింది. రెండు రోజులు ఒక్కటీ రాలేదు. మూడో రోజు నుంచి నా ఫోన్ ఊపిరాడకుండా మోగింది.

వాటిలో ఒకటి సాంచె నడిపే మల్లేశం పంపినది. వడోద్‌లో ఎనిమిది మంది ఉండే గదిలోంచి, వెనుక ఎవరో దగ్గుతుంటే పాడాడు. "సాంచె నిద్రవోయె, నాకు నిద్ర రాకపాయె" అని మొదలవుతుంది. ఆ చప్పుడులో నిద్రపోవడం అలవాటైనవాళ్లకు నిశ్శబ్దంలో నిద్ర పట్టదు. మాకు అది ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఎప్పుడో దీపావళి సెలవులకు కార్ఖానాలు మూసినప్పటి నుంచి అందరూ పాడుకుంటున్నారని మల్లేశం చెప్పాడు. అందరూ పాడుతున్నారంటే ఇంకేముంది, షీటులో రచన అన్నచోట "జానపదం" అని రాసి పాట వేశాను. వారం తిరగకుండా ఆ పాట ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పాకి మా స్టేషన్ దాటి వెళ్లిపోయింది.

అప్పుడు ఒక మ్యూజిక్ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. పాట వాళ్లకు కావాలి. జానపదమే కదా, అనుమతి ఎవరినీ అడగక్కర్లేదు, మా షీటు నకలు ఒకటి సాక్ష్యంగా ఇస్తే చాలన్నారు. బదులుగా స్టేషన్‌కు ఏడాదంతా ప్రకటనలు ఇస్తామన్నారు. మా మేనేజర్ ముఖంలో నెలల తర్వాత నవ్వు చూశాను. స్టేషన్ బతుకుతుందన్న సంబరంతో నకలు తీసి అక్క సంతకానికి పట్టుకెళ్లాను. ఆమె వేలు "జానపదం" అన్నచోట ఆగింది.

"జానపదమంటె జనం కట్టిండ్రనే గదా బిడ్డా. ఆ జనంల ఎవలు?"

అక్క సంతకం పెట్టలేదు. ఆ రోజే ఫోన్లు మొదలుపెట్టింది. మల్లేశానికి ఆ పాట పక్క సాంచె మీద పనిచేసే ముసలాయన నేర్పాడు. ఆయన సూరత్‌లోనే భేస్తాన్ పేటలో ఒక కార్ఖానాలో విన్నాడు. ఆ కార్ఖానాలో నూలు కండెలు చుట్టే లచ్చవ్వ పాడేదట. లాక్‌డౌన్ సడలించిన రోజు ఇద్దరం భేస్తాన్ వెళ్లాం. లచ్చవ్వ గడపలో, మేము వాకిట్లో నిలబడ్డాం. యాభై ఏళ్లు ఉంటాయేమో, నూలు తగిలి తగిలి వేళ్లు గీతలు పడిపోయాయి. పాట నువ్వే కట్టావా అని అక్క అడిగితే ఆమె నవ్వేసింది.

"నేను కట్టుడేంది అక్కా. పని లేక ఊకెనే పాడుకున్న."

పాడమంటే పాడింది. మళ్లీ పాడమంటే మాటలు మారిపోయాయి. మూడోసారి సాంచె నిద్రపోవడమే పోయి, "సాంచె సల్లవడె, నా చెవులు సల్లవడకపాయె" అని ఎత్తుకుంది. నాకు విసుగొచ్చింది. ఈమెకే సరిగ్గా రాదు, మనం పొరపాటున వేరే ఇంటికొచ్చామని అక్క చెవిలో అన్నాను. అక్క కళ్లు మెరుస్తున్నాయి.

"నేర్చుకున్నోళ్లు తప్పు పోతదని భయపడుతరు. మల్లేశం ఫోన్ల ఎన్నిసార్లు పాడినా ఒక్కతీరే పాడిండు. ఈమెకు ఆ భయం లేదు సూడు. తనది గదా."

ముప్పై ఏళ్లు రికార్డుల గదిలో కూర్చుని ఈమె విన్నది పాటల్ని మాత్రమే కాదు, పాడే మనుషుల్ని కూడా అని అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత ఇంకా చాలామంది గొప్పవాళ్లను చూశాను కానీ, ఆ వాకిట్లో అక్కను చూసినట్టు మళ్లీ ఎవరినీ చూడలేదు.

మర్నాడు ఉదయం పదింటికి నా తప్పు నా నోటితోనే చెప్పించింది. ఈ పాటకు జానపదమని రాశాను, అది పొరపాటు, మాటలూ బాణీ కట్టింది భేస్తాన్ లచ్చవ్వ అని చెప్పాను. దిద్దిన షీటే కంపెనీకి వెళ్లింది. వాళ్లు మాట్లాడటం మానేశారు. ప్రకటనలు రాలేదు. ఆరు నెలలకు స్టేషన్ మూతపడింది. అబద్ధం ఎందుకు, అక్క మీద నాకు చాలా కోపం వచ్చింది. ఒక్క పేరు కోసం ఇంతమంది పొట్ట కొట్టిందనుకున్నాను. ఆ మాట ఆమెతో అన్నాను కూడా. ఆమె కొట్టిపారేయలేదు. "అవు బిడ్డా, కొట్టిన" అంది. తర్వాత కూతురి దగ్గరికి కరీంనగర్ వెళ్లిపోయింది.

రెండో వేవ్ కూడా దాటిపోయాక నా ఫోన్‌కు మళ్లీ ఆ కంపెనీ నుంచే కబురు వచ్చింది. పాట వాళ్లకు నిజంగానే కావాలి. ఈసారి లచ్చవ్వ పేరుతో ఒప్పందం కాగితాలు పంపారు. అవి తీసుకుని భేస్తాన్ వెళ్లి, పాట మోగినప్పుడల్లా నీ వాటా నీకు వస్తుందని లచ్చవ్వకు చెప్పాను. ఎంత అని ఆమె అడగలేదు.

"సాంచె బందున్నా వస్తయా?"

వస్తాయన్నాను. ఆమె గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయింది. మీటరు నేస్తేనే, కండె చుడితేనే కూలి. చెయ్యి ఆగితే పొయ్యి ఆగుతుంది. ఆ ఇంట్లో ఎవరికీ ఇంతవరకూ చెయ్యి కదపని రోజున రూపాయి రాలేదు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అక్కకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. నేనన్న మాటలకు క్షమాపణ చెప్పాలని నోరు తెరిచాను, ఆమె వినిపించుకోలేదు. కాగితాల సంగతీ అడగలేదు.

"లచ్చవ్వా, మల్ల కొత్తది ఏమన్న కట్టినవా?"

లచ్చవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఫోన్ వైపు వంగి, మెల్లగా అంది.

"కట్టిన అక్కా."

పాడమని నేను వెంటనే అడగలేదు. సంచిలోంచి కాగితం తీసి, గడులు గీసి, రచన అన్నచోట ఆమె పేరు రాశాను. ఆ తర్వాతే పాట విన్నాను. ఇప్పుడు పనిచేసే చోట కూడా ఏ పాటకైనా నేను ముందు కట్టినవాళ్ల పేరే రాస్తాను. తెలియకపోతే లేచి వెళ్లి కనుక్కుంటాను.