చెమట పట్టగానే కషాయం

ఆ రోజుల్లో ఆటంటే పెద్దవాళ్ల దృష్టిలో చదువుకు పట్టిన చెద. అల్లూరుకు తూర్పున, సముద్రపు హోరు వినిపించే మా ఊళ్లో సాయంత్రమైతే మాకు ఇసుకలో చెడుగుడు తప్ప వేరే లోకం లేదు. నేను పెద్ద పరీక్షకు వచ్చిన ఏడు మా నాయన (వరి పైరు కంటే నా మార్కుల మీదే ఎక్కువ ఆశ పెట్టుకున్న రైతు) ఆ లోకాన్ని ఒక్క మాటతో మూసేశాడు. "ఇంక ఆటా గీటా లేదు. గమ్మున కూర్చోని చదువుకో." పక్కనున్న జాలరుల ఊరు జువ్వలదిన్నె జట్టుతో పందెం దగ్గర పడుతుంటే ఈ మాట!

గమ్మునే కూర్చున్నాను. మెతుకు సహించేది కాదు. పుస్తకం తెరిస్తే నిద్ర, పడుకుంటే మెలకువ. చెల్లెలు పలకరించినా కస్సుమనేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఊరికే ఏడుపొచ్చేది. ఇది దిష్టేనని మా అవ్వ తేల్చేసింది. ఉప్పూ మిరపకాయలూ నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు. "చూసినావా, ఎంత దిష్టి తగిలిందో!" అంది. (సముద్రపు గాలికి మిరపకాయలు చెమ్మగిల్లాయని అమ్మ గొణిగింది గానీ, అవ్వ ముందు ఎవరి మాట చెల్లుతుంది?) దిష్టి తీసినా నేను తేరుకోకపోయేసరికి నన్ను వైద్యుడి దగ్గరికి లాక్కుపోయింది, వెంట నాయన కూడా.

ఆ వైద్యుడికి మందుల కంటే చెడుగుడు పిచ్చి ఎక్కువ. మా జట్టులో కూత నిలబెట్టేవాణ్ణి నేనేనని ఆయనకు బాగా తెలుసు. నా నాడి పట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు ఆలోచించాడు. "నేలవేము కషాయం ఇస్తుండా పెద్దమ్మా. ఊరికే తాగితే పన్జెయ్యదు. సాయంత్రం ఇసకలో బాగా ఆడాల. చెమట పట్టంగానే తాపించాల." నాయన నోరు తెరిచేలోపే అవ్వ "అట్టనే సామీ" అనేసింది. నాకైతే అక్కడే గంతెయ్యాలనిపించింది.

ఆ మర్నాడే పందెం. అవ్వ కషాయపు చెంబుతో బరి పక్కనే చతికిలబడింది. వీడి రోగమేమిటో చూద్దామని నాయన కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆఖరి కూత నాదే. అవతలి బరిలోకి దూరి ఒకణ్ణి తాకానో లేదో, వలలు లాగి రాటుదేలిన చేతులు నా కాళ్లను ఒడిసిపట్టాయి. కూత ఆపకుండా ఇసుకలో పాకుతున్నాను. గీత అందబోతోంది. అంతలో "వచ్చింది, చెమట వచ్చింది!" అంటూ మా అవ్వ తిన్నగా బరిలోకి నడిచొచ్చింది. ముసలామెకు దెబ్బ తగులుతుందని వాళ్లు హడలి నన్ను వదిలేశారు. చెయ్యి చాపితే గెలుపే. కానీ అవ్వ నా గడ్డం పట్టి పైకెత్తి చెంబు వంచేసింది. నోటినిండా ఆ చేదు నేలవేము పెట్టుకుని కూత ఎవడు పెట్టగలడు? కూత తెగింది, పందెం పోయింది.

"అవ్వా, మళ్లీ పందేనికి నువ్వు మా జట్టులోకి వచ్చెయ్" అన్నాడు జువ్వలదిన్నె నాయకుడు పొట్ట పట్టుకుని నవ్వుతూ. "నీకూ చెమట పట్టుండాదే, తాగు నాయనా" అని అవ్వ మిగిలింది వాడి నోట్లో పోసింది. వాడి మొహం చూసి నాయన ఇసుకలో కూలబడి నవ్వాడు. ఆయన అట్లా నవ్వగా నేనెన్నడూ చూడలేదు.

ఇంటికొచ్చి చేపల పులుసుతో మారు మీద మారు వడ్డించుకున్నాను. ఓడినా అంత హాయిగా ఉండవచ్చని ఆ పూటే తెలిసింది. నాయన నా కంచం వైపు చూసి, "రేపట్నించీ పొద్దుగూకేదాకా ఆడుకో. ఆ తర్వాత పుస్తకం ముట్టకపోయినావో, చూడు" అన్నాడు. పరీక్ష కూడా గట్టెక్కాను. ఆ ఘనతంతా మా ఇంట్లో నేలవేముకే దక్కింది.

ఇప్పుడు నెల్లూరు డాక్టరుగారు రోజూ చెమట పట్టేదాకా నడవమన్నారు. నడుస్తున్నాను. నుదురు తడిసిందంటే చాలు, ఈ వయసులోనూ గబుక్కున వెనక్కి తిరిగి చూస్తాను. చెంబు పట్టుకుని ఎవరూ రావడం లేదు. అయినా నోరు మాత్రం గట్టిగా మూసుకుంటాను.