నీళ్లు తాకిన గడ్డ

బుధవారం, కరీంనగర్ ల్యాబు. ఉన్నవాళ్లు: నేను, మా ఇంటామె, ల్యాబు టెక్నీషియనమ్మ, సీసాలో నా కాలివేలి నుంచి తీసిన గడ్డ. అది గౌటో, క్యాన్సరో తేలాలి.

టెక్నీషియనమ్మ పేరు డైరీలో రాయడం మరిచాను. సీసా ఎవరు తెచ్చినా ఆమె అడిగే మాట మాత్రం ఉంది: "నీళ్లు తాకిచ్చిన్రా?"

"రెండుసార్లు శుభ్రంగ కడిగి తెచ్చిన" అన్నాను గర్వంగా.

"అయ్యో సార్! గౌటు గడ్డల సూదుల లెక్క ఉప్పు పలుకులుంటయి, అవి నీళ్లల్ల కరుగుతయి. గందుకే డాక్టర్లు స్పిరిట్‌ల పెట్టి ఇచ్చిన్రు."

"ఊరోళ్ల మందుల చీటీలన్ని చదివి చెప్తడు, సీసా మీది చీటీ చదువలే" అన్నది మా ఇంటామె.

టెక్నీషియనమ్మ గడ్డను నడిమికి కోసింది. "లోపటికి నీళ్లు దిగకుంటే సరే, దిగితే వేలు మళ్ల కొయ్యాలె."

మరునాడు పొద్దున నన్ను మైక్రోస్కోపు ముందు కూచోబెట్టింది.

"సూదులు కనబడుతున్నయా సార్?"

"బ్రహ్మాండంగ."

"గౌటే సార్. ఇగ కండ్లు తెరువుండ్రి."