నాగకన్యకు జానెడు ఎత్తు

అడగని సలహా ఇచ్చేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉంటారు. గోదావరి జిల్లాల వాళ్ల ప్రత్యేకత ఏమిటంటే, సలహా ఇచ్చి ఊరుకోరు. దాన్ని అమలు చేశారో లేదో కనుక్కోవడానికి మర్నాడు మళ్లీ వస్తారు. వచ్చి, టీ తాగి, రెండో సలహా ఇచ్చి వెళతారు. ఈ సత్యం జ్ఞానమ్మకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసి ఉండదు. ఆమె బతుకులో సగం నాగకన్యగా గడిచింది.

నాగకన్య అంటే ఎగ్జిబిషన్లో నాగకన్య. జెయింట్ వీలుకీ పెద్ద అప్పడాల కొట్టుకీ మధ్య ఎక్కడో ఒక గుడారం ఉంటుంది. దాని మొహాన పడగ విప్పిన పాము బొమ్మ. లోపల అరుగు మీద ఒక బల్ల, బల్ల మీద చుట్టలు చుట్టుకున్న గుడ్డపాము, దానికి బతికున్న ఆడమనిషి తల. ఆ తల రెప్పలాడిస్తుంది, అమ్మ మాట వినక శాపం తగిలిందని చెప్పి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. బల్ల కింద చూస్తే ఏమీ ఉండదు. ఉండదని మనకు అనిపిస్తుంది. బల్ల ముందుకాళ్ల దగ్గర రెండు అద్దాలు ఏటవాలుగా నిలబెడతారు. వాటిలో పక్క తెరలు కనబడతాయి. మనం వెనక తెరను చూస్తున్నామనుకుంటాం. ఆ అద్దాల వెనక ఇరుకులో, మోకాళ్ల మీద జ్ఞానమ్మ ఉంటుంది.

సగం మనిషి, సగం జంతువు అన్న ఊహ లేని జాతి భూమ్మీద లేదు. ఐగుప్తువాళ్లు సింహానికి మనిషి తల పెట్టారు. మనవాళ్లు మనిషికి సింహం తల పెట్టారు. ఓడల మీద తిరిగే తెల్లవాళ్లు చేపకు ఆడదాని తల పెట్టి, దానిమీద ఆశలు కూడా పెట్టుకున్నారు. ఇన్ని జాతుల్లో ఇన్ని వేల ఏళ్లుగా ఒక్కరికంటే ఒక్కరికైనా, పాపం ఆ మనిషి కూర్చునేది ఎలాగా అన్న అనుమానం రాలేదు.

జ్ఞానమ్మది నరసాపురం పక్క పల్లె. ఇంటిల్లిపాదీ లేసు అల్లేవాళ్లు. ఆమెకు ఒకచోట కుదురుగా కూర్చుని దారం తిప్పడం అంటే చిరాకు. అందుకే ఎగ్జిబిషన్లో మైకు పట్టుకుని జనాన్ని పిలిచే జీవరాజును చేసుకుంది. ఊళ్లు తిరగొచ్చనుకుంది. ఊళ్లు తిరిగింది, కాకినాడ, భీమవరం, పాలకొల్లు అన్నీ తిరిగింది, అన్ని ఊళ్లలోనూ బల్ల కిందే ఉంది. గుడారం యజమాని వెంకటరాజు గారు కొత్త పెళ్లికూతురి కొలతలు తీయించి ఆ బల్ల చేయించారు. అప్పట్లో ఆమె ఉడతపిల్లలా దూరి, ఆట అయ్యాక ఉడతపిల్లలా బయటికి వచ్చేది. ఇప్పుడు నలభై దాటాయి. దూరడానికి ఒక చెయ్యి సాయం కావాలి, రావడానికి రెండు కావాలి. ఆదివారం చర్చిలో మోకరించమంటే అందరూ మోకరిస్తారు, ఆమె బెంచీ మీదే ఉండి తల వంచుకుంటుంది. వారమంతా మోకరించే ఉన్నాను కదా ప్రభువా, అని సర్ది చెప్పుకుంటుంది. ఒకసారి పాస్టరమ్మ గారు ఆమెను పక్కకు పిలిచి, ఈ పాము వేషమేంటమ్మా, బైబిల్లో వెనక్కి తిరిగి చూసి ఉప్పుస్తంభమైపోయిన ఆవిడ వేషం కట్టుకోరాదా, కనీసం నిలబడొచ్చు అన్నారు. అది కూడా సలహాయే.

ఆమె కోరిక చాలా చిన్నది. బల్లను జానెడు ఎత్తు పెంచితే కింద ముక్కాలిపీట వేసుకుని కూర్చోవచ్చు. ఎత్తు పెంచితే అద్దాలూ ఆ మేరకు పెద్దవి వేయాలి. అంతే సంగతి. ఏటా ఎగ్జిబిషన్ మొదలయ్యే ముందు ఈ మాట వెంకటరాజు గారి చెవిన వేసేది. ఆయన ఏటా, "అలాగేనమ్మా, చూద్దాం," అనేవారు. ఎదుటి మనిషి మొహం మీద కాదనడం ఆ ఇంటా వంటా లేదు. కాదంటే పోట్లాడవచ్చు. అలాగే అన్న మనిషితో ఎవరైనా ఎలా పోట్లాడతారు?

రెండువేల రెండులో రాజమండ్రి ఎగ్జిబిషన్ నాటికి నాగకన్యకు జనం పలచబడ్డారు. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చింది. సీరియల్లో పాములు నిమిషానికొకసారి మనుషులవుతుంటే, ఎప్పటికీ సగంలోనే ఆగిపోయిన ఈ పామును చూడడానికి ఎవరొస్తారు? రాజుగారు కంగారు పడి, హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చిన మేనల్లుడు గణేష్‌బాబును పిలిపించారు. నాగకన్యను మోడ్రన్ చెయ్యాలి, అదీ అతని పని.

మధ్యాహ్నం పూట గుడారంలోనే మీటింగు పెట్టారు. పొగ రావాలన్నాడు గణేష్‌బాబు. నీలం లైట్లు ఆరుతూ వెలగాలన్నాడు. పాము ఒట్టి పామైతే పాతదైపోయింది కాబట్టి డైనోసార్ చేస్తే ఎలా ఉంటుందన్నాడు. మీటింగుకు ఎవరూ పిలవని బజ్జీల కొట్టాయన వచ్చి, సినిమా హీరోయిన్ల జుట్టు పెట్టండి, ఆ మొహానికి అదొక్కటే లోటు అన్నాడు. జెయింట్ వీలు తిప్పే కుర్రాళ్లు, నాగకన్య ఇంగ్లీషులో మాట్లాడితే కాన్వెంటు పిల్లలు వస్తారన్నారు. సొంత మొగుడు జీవరాజు సైతం ఉండబట్టలేక, బుస కొట్టేటప్పుడు ఇంకాస్త గట్టిగా కొట్టాలన్నాడు. బుస కొట్టి కొట్టి ఆమె గొంతు పోయిన సంగతి ఆ మహానుభావుడికి తెలియనట్టు. అందరూ అయ్యాక జ్ఞానమ్మ బల్ల సంగతి ఎత్తింది. గణేష్‌బాబు చాలా మర్యాదగా, "తప్పకుండానండి, సెకండ్ ఫేజ్‌లో చూద్దాం," అన్నాడు. మేనమామ పోలిక.

పొగ వచ్చింది. మొదటిరోజు దగ్గుతో నాగకన్య శాపం కథ సగంలో ఆగిపోయింది. నీలం లైట్లలో ఆమె మొహం చూసి పిల్లలు జడుసుకుని జ్వరాలు తెచ్చుకున్నారని ఫిర్యాదు వచ్చింది. జవాబులు టేపులో రికార్డు చేసి వినిపించారు. అది మరీ చెడింది. ఎందుకంటే ఈ జిల్లాల జనం నాగకన్యను భవిష్యత్తు అడిగి ఊరుకోరు. "నమస్కారమండి నాగకన్య గారూ, మీదే ఊరండి? నరసాపురం పక్కనా? అయితే ఫలానావాళ్లు మీకేమవుతారండి?" అంటూ వరస కలుపుతారు. టేపు మాత్రం ఎవరేమడిగినా ఉత్తరదిక్కుకు ప్రయాణం మంచిదనేది. చివరికి అన్నీ తీసేసి, ఆమె గొంతు మారుమోగేలా ఒక మైకు మాత్రం ఉంచారు.

ఒక సాయంత్రం కోరుకొండ నుంచి వచ్చిన పెద్దావిడ ఒకామె ముందుకొచ్చి నిలబడింది. "మా అమ్మాయి చంకలో ఉన్నప్పుడు చూసేనమ్మా నిన్ను. ఇప్పుడు దాని పిల్లల్ని తెచ్చేను. ఇంతకీ నీకు శాపవిమోచనం ఎప్పుడమ్మా?" అంది.

కలియుగం చివర అని చెప్పాలి. ఎప్పుడూ చెప్పే జవాబు అదే. కాని ఆ పూట జ్ఞానమ్మ కుడి మోకాలు నిప్పులో పెట్టినట్టుంది.

"ఈ బల్ల జానెడు ఎత్తు లేపిన రోజునండి," అంది. రోజునండి, రోజునండి అని గుడారమంతా మోగింది.

"అదేంటమ్మా?"

"కింద మోకాళ్ల మీద ఉన్నానండి. పీట వేసుకోడానికి చోటు లేదండి."

పైన తల, కింద మనిషి ఉందని ఆ మాటతో తేలిపోయింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అందరికీ ఎప్పుడో తెలుసు. తెలిసినా తెలియనట్టుండడం ఇక్కడ ఒక మర్యాద. ముందు నవ్వారు, తరువాత అయ్యో అన్నారు, పోతూ పోతూ టిక్కెట్లిచ్చే చోట రాజుగారికి తలొక మాటా చెప్పిపోయారు. మర్నాడు మళ్లీ వచ్చారు, పక్కింటివాళ్లను కూడా తెచ్చారు. "బల్ల లేపేరాండీ రాజుగారూ?" అని అడిగి, టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లి, శాపవిమోచనం ఎప్పుడండీ అని ఆమెను అడిగి, జవాబు విని నవ్వి, మళ్లీ అయ్యో అన్నారు. వడ్రంగికి చెప్పేనండి, రేపొస్తానన్నాడు అని రాజుగారు అందరికీ నమ్మకంగా చెప్పారు. గుడారం ముందు జనం బారులు తీరారు. పదిమంది నోట పడింది కాబట్టి ఇక బల్ల లేవక తప్పదని జ్ఞానమ్మ సంతోషపడింది. ఆ సంతోషంలో నొప్పి కూడా కాస్త తగ్గినట్టనిపించింది.

వచ్చింది వడ్రంగి కాదు. బోర్డులు రాసే ఆయన. గుడారం మొహాన కొత్త బోర్డు పెట్టాడు: నాగకన్యకు శాపవిమోచనం ఎప్పుడు? మీరే అడగండి. ఇదే మనకు కావలసిన కాన్సెప్ట్ మావయ్యా, బల్ల లేపితే ఇంక అడగడానికి ఏముంటుంది, అని గణేష్‌బాబు అన్నాడట. రాజుగారు అలాగే అన్నారట. ఈసారి నిజంగానే అలాగే.

మర్నాడు పొద్దున మోకాళ్లకు నొప్పుల నూనె రాసుకుంటున్న జ్ఞానమ్మ దగ్గరకు జీవరాజు వచ్చి కూర్చుని, జనం విరగబడి వస్తున్నారు, ఈ నాలుగు రోజులూ ఓర్చుకో అన్నాడు.

"నా నొప్పి చూడ్డానికి టిక్కెట్టు కొంటున్నారయ్యా వాళ్లు," అంది జ్ఞానమ్మ. "నువ్వు మైకులో అరిచి అమ్ముతున్నావు. పొగకి దగ్గేను, లైట్లకి కళ్లు మండేయి, దేనికీ ఏమీ అన్లేదు. ఇది మాత్రం నావల్ల కాదు."

జీవరాజు నూనె సీసా అందుకున్నాడు. కాసేపు అతనే రాశాడు. ఆ పూట మైకులో కొత్త బోర్డు మాటలు చదవలేదు. చదవమని గణేష్‌బాబు రెండుసార్లు వచ్చి చెప్పాడు. గొంతు బాగోలేదన్నాడు.

అయినా గుడారం నిండింది. లోపల ఎవరో కుర్రాడు ఈల వేసి, "శాపవిమోచనం ఎప్పుడండీ?" అన్నాడు. అందరూ జవాబు కోసం చూశారు. జవాబు అందరికీ తెలుసు, కొందరు ముందే నవ్వడం మొదలుపెట్టారు.

"ఇవాళేనండి," అంది నాగకన్య.

తల కిందికి దిగిపోయింది. బల్ల మీద గుడ్డపాము మెడ దగ్గర బెజ్జంతో ఉండిపోయింది. వెనక తెర కదిలింది. జ్ఞానమ్మ గుంజ పట్టుకుని, ఒక్కో కాలూ ఈడ్చుకుంటూ అరుగు దిగి వచ్చి ముందు బెంచీ దగ్గర నిలబడింది. ముఖానికి పచ్చరంగు, కింద నేత చీర. బెంచీ మీదివాళ్లు చప్పుడు చెయ్యకుండా జరిగారు. "ఇలా కూచోండమ్మా," అని ఒకాయన తువ్వాలుతో దుమ్ము దులిపాడు. ఆమె కూర్చుంది. ఎవరో సోడా కొట్టి ఇచ్చారు. "పాముకాళ్లు పాముకే తెలుస్తాయంటారు గానండి, ఇప్పుడు మాకూ తెలిసేయి," అన్నాడు ఒక ముసలి రైతు. డబ్బు వెనక్కిమ్మని ఒక్కరూ అడగలేదు. అలాగని ఒక్కరూ లేచి వెళ్లలేదు.

రాజుగారు పరుగున వచ్చారు. లోపలికి వెళ్లమ్మా, బాగోదమ్మా అని చెవిలో బతిమాలారు.

"నేను ఇంక వొంగలేనండి," అంది జ్ఞానమ్మ, అందరికీ వినబడేలాగే. "వేరే పిల్లని పెట్టుకోండి. లేదంటే బల్ల లేపండి. రేపు కాదండి. ఇక్కడే ఉంటాను, చూస్తాను."

రాజుగారు జనం వైపు చూశారు. జనం రాజుగారి వైపు చూశారు. ఆ జిల్లాలో పెద్దమనిషిని లొంగదీయడానికి కర్రలూ కేసులూ అక్కర్లేదు, ఒక గుడారం నిండా తెలిసినవాళ్లు మాట్లాడకుండా చూస్తే చాలు. ఆయన కండువాతో మొహం తుడుచుకుని, ఎంత లేపాలమ్మా అని అడిగారు. ఇన్నేళ్లలో ఆయన ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. జ్ఞానమ్మ చెయ్యి చాపి జానెడు చూపించింది.

జెయింట్ వీలు దగ్గర మిగిలిన ఇటుకలు తెచ్చారు. తెచ్చింది ఇద్దరు, ఎలా పెట్టాలో చెప్పింది ఇరవై మంది. ఒకరు నిలువుగా అన్నారు, ఒకరు అడ్డంగా అన్నారు. బల్ల కాళ్ల కింద ఒక్కో ఇటుక పెట్టి, చాలమ్మా అన్నారు రాజుగారు. చాలదండి, ఇంకోటి, అంది ఆమె. రెండోది పెట్టారు. బజ్జీల కొట్టునుంచి పీట వచ్చింది. జ్ఞానమ్మ వెనకనుంచి వెళ్లి, పీట మీద కూర్చుని, బెజ్జంలోంచి తల పైకి పెట్టింది.

బల్ల లేచింది గాని అద్దాలు అక్కడే ఉన్నాయి. వాటిని కూడా పైకి జరిపి గుంజలకు కట్టారు. దాంతో కింద జానెడు సందు మిగిలి, హవాయి చెప్పులతో సహా ఆమె పాదాలు అందరికీ కనబడ్డాయి. గణేష్‌బాబు నెత్తి కొట్టుకుని, ఆ కాళ్లకు పచ్చ సాక్సు తొడిగితే ఎలా ఉంటుందన్నాడు. ఇంతలో బయట జీవరాజు గొంతు బాగైంది. రండి బాబూ, తల మనిషి, ఒళ్లు పాము, కాళ్లు మళ్లీ మనిషి, అని మైకులో మొదలుపెట్టాడు. జ్ఞానమ్మ పైనుంచి విసుక్కుంది గాని, కాళ్లు మాత్రం వెనక్కి తీసుకోలేదు.