కాంటెస్సాకి క్లచ్చున్న ఇంజిను

నాకు కుదురు లేదని మా అమ్మ ఎప్పుడూ తిట్టేది. నిజమే. డ్యూటీలో ఉంటే ఇంటి మీద ధ్యాస, ఇంట్లో ఉంటే ఆస్పత్రి మీద ధ్యాస. కానీ ఆ వేసవిలో నన్ను పట్టుకున్న అలజడి వేరే రకం. మా పెరట్లో రేకుల షెడ్డు కింద ఇంజిను లేని కాంటెస్సా కారొకటి బానెట్టు తెరుచుకుని కూర్చుంది. దానికి ఏ ఇంజిను పెట్టాలన్న దాని మీద నాకూ మా ఆయనకీ ఒక్క పూట కూడా పడేది కాదు.

మాది సాలూరు. ఇక్కడ ఏ వీధిలోకి వెళ్ళినా లారీ ఉంటుంది, లారీ గురించి మాట్లాడే మనిషి ఉంటాడు. మా ఆయనా లారీ డ్రైవరే. మా మేనత్త కొడుకు, అందుకని పెళ్ళయి ఇన్నేళ్ళయినా నా నోటికి బావే. రాయపూర్ లైన్లో వెళ్ళి వస్తూ ఉండేవాడు. ఒకసారి ఘాటీ రోడ్డులో లారీ పల్టీ కొట్టింది. ప్రాణం దక్కింది గానీ ఎడమ కాలు మోకాలి కింద నరం దెబ్బతింది. నడుస్తాడు, పాదం ఈడుస్తాడు. క్లచ్ మాత్రం నొక్కలేడు. ఇక ఎప్పటికీ నొక్కలేడని డాక్టరు చెప్పాడు. నర్సుని కాబట్టి ఆయన చెప్పకముందే నాకు తెలుసు. స్పర్శ ఉందా లేదా అని ఆ కాలుకి సూది గుచ్చి చూసింది నేనే.

లారీ ఓనరు మర్యాదగానే తాళాలు వెనక్కి తీసుకున్నాడు. అప్పటినుంచీ బావ వీధి అరుగు మీదే. రోడ్డు మీద పోయే ప్రతి లారీనీ వింటూ కూర్చునేవాడు. "సూడు, మూడో గేరు ఎయ్యాల్సింది ఎప్పుడో. ఇంకా రెండులోనే ఏడిపిస్తన్నాడు ఎదవ," అనేవాడు. పక్కింటి వాళ్ళు నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు. ఈ మనిషి ఈ అరుగు మీదే అయిపోతాడేమోనని భయమేసేది.

ఆ కాంటెస్సా కూడా ఆ లారీ ఓనరు గారిదే. వాళ్ళ నాన్నగారి రోజుల్లోది. పొడుగాటి బానెట్టు, ముందు నాలుగు లైట్లు, మంచంలాంటి వెనక సీటు. పెట్రోలు ఇంజిను ఎప్పుడో తీసేసి టెంటు హౌస్ వాళ్ళకి జనరేటరు కోసం ఇచ్చేశారు. మిగిలిన బాడీని తుక్కుకి వెయ్యటానికి మనసొప్పక, "నువ్వేటైనా సేసుకోరా," అని బావకి ఇచ్చాడు. దాన్ని ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చిన రోజు బావ ముఖం చూశాను. అరుగు మీది మనిషి కాదు. ఆరోజే నిశ్చయించుకున్నాను, ఈ కారు కదలాలి, ఈయన మళ్ళీ స్టీరింగు ముందు కూర్చోవాలి.

దారి నాకు స్పష్టంగానే కనిపించింది. సెలవు రోజు బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళాను. పాత ఇంజిన్లమ్మే సందుల్లో ఎండలో తిరిగి తిరిగి, వెనకనుంచి దెబ్బతిన్న కొత్తరకం కారుదొకటి పట్టాను. పెట్రోలు ఇంజిను, దానికి అతుక్కునే ఆటోమేటిక్ గేరుబాక్సు. క్లచ్ లేదు. ఉన్నవి రెండే పెడళ్ళు, రెండూ కుడికాలితోనే తొక్కొచ్చు. ఫోన్లో వీడియో తీసుకుని గాల్లో తేలుతూ ఇల్లు చేరాను.

బావ వీడియో చివరిదాకా చూశాడు. ఫోను తిరిగి నా చేతిలో పెట్టాడు.

"గేర్లు లేని బండా? అది నడపడం కాదే, అందులో కూకోడం," అన్నాడు.

"నీ కాలుకి అదే సరైంది బావా."

"నా కాలు సంగతి నేనడిగినానా నిన్ను?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం మనిషండీ! ఊరంతా తిరిగి వెతికొస్తే ఇదా మాట? గిన్నెలు ఎత్తెత్తి పడేశాను. ఆయన లేచి కాలీడ్చుకుంటూ మేస్త్రి దగ్గరికి పోయాడు.

మా వీధి చివర లారీలు బాగుచేసే మేస్త్రి షెడ్డుంది. అక్కడ ఓ సరుకుల వ్యానుదట, డీజిలు ఇంజిను, గోనె కప్పి ఉంది. దాని గేరుబాక్సూ దానితోనే ఉంది. క్లచ్చున్నదే. బావ మనసు దాని మీద పడింది. నేను వెనకాలే వెళ్ళి నిలదీశాను.

"లాగుడు సూడు సిస్టరమ్మా," అన్నాడు మేస్త్రి, దాని మీద చెయ్యేసి. "కొండెక్కించినా ఆయాసపడదు."

"కారు ఏటి లాగాలి మేస్త్రీ? నన్నూ ఈయన్నీ తప్ప?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లారీ మనుషులకి ఇదొక జబ్బు. బండి అంటే లాగాలి. పెళ్ళికెళ్ళే కారైనా సరే, పది టన్నులు ఎక్కిస్తామన్నట్టే ఆలోచిస్తారు.

నాకు మనసు నిలవలేదు. వార్డులో నడుస్తున్నా అదే గోల. ఈ మొండిఘటం క్లచ్చున్న ఇంజిను బిగిస్తాడు, బిగించిన రోజు ఎక్కి కూర్చుంటాడు, కాలు లేవదు, అంతే, ఇక మనిషి ఆ అరుగు మీద నుంచి కూడా లేవడు. ఆ దృశ్యం కళ్ళముందు ఆడేది. మా చర్చి పాస్టరు గారితో చెప్పించాను. ఆయన వచ్చి చాలాసేపు ప్రార్థన చేశారు. దేవుడి చిత్తం ఏ ఇంజినో చెప్పకుండానే టీ తాగి వెళ్ళారు.

ఈ లోపు బావ ఇంకో వేధింపు మొదలుపెట్టాడు. నేను డ్యూటీ నుంచి రాగానే, "ఒసే, ఇటొచ్చి కూకో," అని ఆ కారులో డ్రైవరు సీట్లో కూర్చోబెట్టేవాడు. "క్లచ్ పెడలు నొక్కు. అందుతున్నాదా? సెప్పు."

"అందుతోంది."

"మోకాలు నొప్పెడతాదా?"

"నాకెందుకు నొప్పి? నా కాలుకేటైందని?" అని కసిరేదాన్ని. తన కాలు చాలక నా కాలుతో సరిచూసుకుంటున్నాడనుకునేదాన్ని. ఆయన సీటు కాస్త ముందుకి జరిపి, మేస్త్రితో ఏదో మాట్లాడుకునేవాడు.

ఒకరోజు వచ్చేసరికి గోనె కప్పిన ఇంజిను షెడ్డులో లేదు. మా పెరట్లో, గొలుసుకి వేలాడుతూ, కాంటెస్సాలోకి దిగుతోంది. నేను అరిచిన అరుపుకి గోడ మీది కోళ్ళు దూకాయి. ఎవరూ ఆగలేదు. ఇంజిను దిగింది. దాంతోపాటు కారు ముక్కూ దిగింది. స్ప్రింగులు కుంగి ముందు బంపరు నేలని చూస్తోంది. కారుకి ఇంత బరువెక్కువ అవుతుందని ఆ ఇద్దరు మహానుభావులకీ తట్టనేలేదు.

"ఎనక లోడు తక్కువైనాది," అన్నాడు బావ తాపీగా.

చెప్తే నమ్మరు. గోనెసంచుల్లో ఇసక నింపి డిక్కీలో పడేశారు. లారీకైతే అలాగే కదా! కారు వెనకా కుంగింది. "ఇప్పుడు సమానంగానే ఉన్నాది," అన్నాడు మేస్త్రి. కోపంలో ఉన్నదాన్ని, పళ్ళు బిగబట్టినా నవ్వు తన్నుకొచ్చింది. చివరికి విజయనగరం నుంచి గట్టి స్ప్రింగులు తెప్పించి ముక్కు పైకి లేపారు. ఇసక సంచులు మాత్రం తియ్యలేదు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు చుట్టూ తిరిగి ఇంజిను మార్పు కాయితాలు చేయించింది నేనే, తిట్టుకుంటూనే.

స్టార్టు చేసే రోజు మేస్త్రి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. మేము ప్రార్థన చేసుకున్నాం. బావ కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. ఇంజిను రెండుసార్లు దగ్గి అందుకుంది. షెడ్డు రేకులు దడదడలాడాయి. బావ నవ్వాడు. లారీ పల్టీ కొట్టిన తర్వాత ఆ నవ్వు చూడటం అదే మొదటిసారి. నాకు ఒక కంట సంతోషం, ఒక కంట భయం. ఇప్పుడు ఎక్కుతాడు. ఇప్పుడు కాలు పెడతాడు. ఏం చెప్పి ఓదార్చాలో మాటలు వెతుక్కుంటూ కుడివైపు తలుపు పక్కనే నిలబడ్డాను.

బావ ఆ తలుపు తియ్యలేదు. బానెట్టు పట్టుకుని, పాదం ఈడ్చుకుంటూ అటు తిరిగి వెళ్ళి, ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి గేరు రాడ్డు మీద వేశాడు.

"ఎక్కవే," అన్నాడు.

"ఎక్కడికి?"

"డ్రైవరు సీట్లోకి. క్లచ్చు నువ్వు నొక్కు. గేరు నేనేస్తాను."

ఆయన్ని ఆస్పత్రులకి తిప్పటానికని మా చెల్లి చిన్నకారు మీద డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాను కాబట్టి బతికిపోయాను. ఎక్కాను. సీటు నాకు సరిగ్గా సరిపోయింది. పెడలు నా కాలుకి అందింది. అన్నాళ్ళూ ఎవరి కాలు కొలిచాడో అప్పుడు అర్థమైంది.

ఊరు దాటి పొలాల మధ్య రోడ్డెక్కాం. బావ కళ్ళు మూసుకుని ఇంజిను వింటున్నాడు. "నొక్కు," అంటే నొక్కేదాన్ని. రాడ్డు కదిలేది. "ఒగ్గు," అంటే వదిలేదాన్ని. మొదట్లో నా తొందర వల్ల గేరుబాక్సు కీచుమంది. "నీకు అన్నిటికీ ఆత్రమేనే! ఇను ముందు. అదే సెప్తాది," అని గదమాయించాడు. ఇంట్లో ఆ మాటంటే ఊరుకునేదాన్ని కాదు. అక్కడ ఊరుకున్నాను.

కాస్త దూరం పోయాక ఉండబట్టలేక అన్నాను. "ఆ ఆటోమేటిక్ పెట్టుంటే నువ్వొక్కడివే హాయిగా నడుపుకునేవాడివి కదా బావా."

"ఒక్కడినే సానా దూరం నడిపేసినానే," అన్నాడు, కళ్ళు తెరవకుండానే. "నొక్కు."

కళ్ళు మసకబారి రోడ్డు సరిగా కనపడలేదు. అయినా నొక్కాను. మూడోది మెత్తగా పడింది.